రేడియేటర్లో పాత నీళ్ళే మంచివి

అక్టోబరు చివర్లో గడియారాలు గంట వెనక్కి తిప్పే రోజులు రాగానే బ్రిటన్‌లోని మన తెలుగు ఇళ్ళలో ఒకే రకం మాటలు వినబడతాయి. "పై గదిలో రేడియేటర్ సగమే వేడెక్కుతోంది." "బాయిలర్ ప్రెషర్ మళ్ళీ పడిపోయింది." "రాత్రిపూట గోడలో ఎవరో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు చప్పుడు." ఇవి మూడు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి కానీ చాలాసార్లు వాటి మూలం ఒక్కటే.

మేం ఇల్లు కొన్న మొదటి చలికాలం నేను ప్రతి ఆదివారం బాయిలర్ కింద ఉన్న కొళాయి తిప్పి సిస్టమ్‌లోకి నీళ్ళు నింపేదాన్ని. ప్రెషర్ చూపే ముల్లు 0.5 దగ్గరికి పడిపోయి ఉండేది, 1.3 వచ్చేదాకా నింపి కట్టేసేదాన్ని. పని అయిపోయిందనుకునేదాన్ని. పైగా మంచిదే చేస్తున్నాననే నమ్మకం కూడా ఉండేది. మనం పెరిగిన ఇళ్ళలో నిలవ నీళ్ళు పారబోసి, బిందె తోమి, కొత్త నీళ్ళు పట్టుకోవడం శుభ్రత. అదే బుద్ధి ఇక్కడా పనిచేసింది. మూడో చలికాలానికి హాల్లోని పెద్ద రేడియేటర్ పైన కాలుతూ కింద చల్లగా ఉండడం మొదలైంది. దాన్ని విప్పి పెరట్లోకి మోసుకెళ్ళి హోస్‌పైపు పెట్టినప్పుడు బయటికి వచ్చింది నీళ్ళు కాదు, కాటుక కలిపినట్టున్న చిక్కటి నల్లటి మడ్డి. ఆ మడ్డిని తయారుచేసింది నేను ఆదివారం ఆదివారం పోసిన మంచినీళ్ళే.

ఎందుకో తెలియాలంటే ముందు ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూడాలి. బాయిలర్ గ్యాస్ మండించి నీళ్ళను వేడి చేస్తుంది. పంపు ఆ నీళ్ళను ఒక పైపులో రేడియేటర్లకు పంపిస్తుంది, చల్లబడిన నీళ్ళు ఇంకో పైపులో తిరిగి వస్తాయి. అంతే. ఇది మూసి ఉన్న వలయం. మూడు పడగ్గదుల ఇంట్లో అంతా కలిపి సుమారు 100 లీటర్ల నీళ్ళు ఉంటాయి. ఏళ్ళ తరబడి అవే నీళ్ళు తిరుగుతుంటాయి. స్నానానికీ గిన్నెలు కడగడానికీ వచ్చే వేడినీళ్ళు వేరు. కాంబి బాయిలర్ అయితే కొళాయి తిప్పినప్పుడు కొత్త నీళ్ళను అప్పటికప్పుడు వేడి చేసి ఇస్తుంది. ఈ రెండు నీళ్ళూ ఎక్కడా కలవవు.

కొళాయి నీళ్ళలో ఆక్సిజన్ కరిగి ఉంటుంది. రేడియేటర్ లోపలంతా ఉక్కు. మొదటిసారి నీళ్ళు నింపినప్పుడు ఆ ఆక్సిజన్ ఉక్కును కాస్త తుప్పు పట్టించి కొద్ది రోజుల్లోనే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత నీళ్ళు రంగు మారినా, వాసన వేసినా, లోహానికి పెద్దగా హాని చేయవు. తుప్పు పట్టించే శక్తి వాటిలో దాదాపు ఉండదు. కొత్త నీళ్ళు పోసిన ప్రతిసారీ కొత్త ఆక్సిజన్ లోపలికి వెళుతుంది, తుప్పు మళ్ళీ మొదటికి వస్తుంది. లండన్ చుట్టుపక్కలా, ఆగ్నేయ ఇంగ్లండ్‌లోనూ నీళ్ళలో సున్నం ఎక్కువ. అక్కడ ఆక్సిజన్‌తో పాటు సున్నం కూడా వెళ్ళి బాయిలర్ లోపల పెంకులా పేరుకుంటుంది.

లోపల పుట్టే నల్లటి పొడి పేరు మాగ్నటైట్. ఇనుము ఆక్సైడ్లలో అదొక రకం, అయస్కాంతానికి అతుక్కుంటుంది. చాలా సన్నగా ఉండి నీళ్ళతో పాటు తిరుగుతుంది. నీళ్ళు నెమ్మదించే చోట, అంటే రేడియేటర్ అడుగున మధ్యలో, దిగిపోతుంది. పంపులో చేరితే పంపు అరుగుతుంది. బాయిలర్ లోపలి ఇరుకు దారుల్లో చేరితే నీళ్ళు అక్కడికక్కడే మరిగి, పొయ్యి మీది కెటిల్‌లా గురగురమంటుంది. ఇదే రసాయన చర్యలో హైడ్రోజన్ వాయువు కూడా పుడుతుంది. అందుకే గాలి చొరబడే దారి ఏమీ లేకపోయినా ఒక్కోసారి రేడియేటర్ పైభాగంలో వాయువు చేరుతుంది.

ఇది తెలిశాక రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టి చూస్తేనే చాలా సంగతులు బయటపడతాయి. పైన చల్లగా, కింద వేడిగా ఉంటే లోపల గాలి. కింద మధ్యలో చల్లగా, పైనా అంచుల్లోనూ వేడిగా ఉంటే మడ్డి. మిగతావన్నీ కాలుతూ ఒక్కటే పూర్తిగా చల్లగా ఉంటే ఎక్కువగా వాల్వ్ బిగుసుకుపోయి ఉంటుంది. బాయిలర్‌కు దగ్గరవి కాలిపోతూ దూరంగా ఉన్నవి గోరువెచ్చగా ఉంటే అది నీళ్ళ పంపకం సమస్య. ఈ తేడా చూసుకోకుండా దేనికైనా గాలి తీస్తూ కూర్చుంటే లాభం ఉండదు.

గాలి తీయడం మాత్రం ఎవరైనా చేసుకోవచ్చు. ముందు హీటింగ్ ఆపి, రేడియేటర్లు చల్లారనివ్వాలి. పంపు తిరుగుతుండగా తెరిస్తే కొన్ని చోట్ల గాలి బయటికి పోకుండా లోపలికే రావచ్చు, పైగా కాలే నీళ్ళు చేతి మీద పడతాయి. రేడియేటర్ పైమూల పక్కగా చిన్న చదరపు మేకు ఉంటుంది. దానికి సరిపోయే ఇత్తడి తాళంచెవి హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. కింద ఒక పాత గిన్నె, వెనక గోడకు ఒక గుడ్డ పెట్టుకోండి. ఆ నల్లటి నీళ్ళు కార్పెట్ మీద పడితే మరక పోదు. తాళంచెవిని ఎడమవైపు పావు చుట్టు తిప్పగానే సన్నగా బుస్సుమంటుంది. ఇంకా తిప్పాలనిపిస్తుంది, తిప్పకూడదు. ఆ మేకు పూర్తిగా ఊడి వచ్చిందంటే నీళ్ళు ధారగా తన్నుకొస్తాయి. బుస ఆగి, తుంపర్లు పడి, తర్వాత నిలకడగా నీళ్ళు వచ్చినప్పుడు కట్టేయాలి. బయటికి వచ్చేది హైడ్రోజన్ కావచ్చు, అది మండే వాయువు. దగ్గర్లో దీపం, అగర్‌బత్తి, నిప్పు ఏదీ ఉండకూడదు. మన ఇళ్ళలో దేవుడి గూడు పక్కనే రేడియేటర్ ఉండడం కొత్త కాదు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

గాలి పోయిన మేరకు ప్రెషర్ తగ్గుతుంది. అప్పుడు మాత్రం కాస్త నీళ్ళు నింపక తప్పదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు అయితే కంగారు లేదు. నెలనెలా అదే రేడియేటర్‌కు గాలి తీయాల్సి వస్తోందంటే ఎక్కడో లీకో, లోపల తుప్పో ఉన్నట్టే.

ఇక ప్రెషర్. అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. సిస్టమ్ చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. ఒక బార్ అంటే నీళ్ళను సుమారు 10 మీటర్ల ఎత్తుకు నిలబెట్టే ఒత్తిడి. రెండంతస్తుల ఇంట్లో పై రేడియేటర్ నిండా నీళ్ళుండడానికి అది చాలు. అమెరికాలో రేడియేటర్లున్న పాత ఇళ్ళలో ఇదే సంగతిని పీఎస్ఐ అనే కొలతలో చూస్తారు, చల్లగా ఉన్నప్పుడు 12 చుట్టూ ఉంటుంది. వేడెక్కాక ముల్లు కొంచెం పెరగడం మామూలే. 100 లీటర్ల నీళ్ళు 10 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు చేరితే రెండు లీటర్లకు పైగా ఉబ్బుతాయి. మూసి ఉన్న పైపుల్లో ఆ రెండు లీటర్లు ఎక్కడికి పోతాయి? దానికోసమే ఎక్స్‌పాన్షన్ వెసెల్ అనే ఉక్కు డబ్బా ఉంటుంది. దాని లోపల అడ్డంగా రబ్బరు పొర, పొరకు ఒక పక్క గాలి, మరో పక్క సిస్టమ్ నీళ్ళు. నీళ్ళు ఉబ్బినప్పుడు గాలి నొక్కుకుని చోటిస్తుంది, చల్లారినప్పుడు నీళ్ళను వెనక్కి తోస్తుంది.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గాలి సైకిల్ ట్యూబులో గాలిలాగే కొంచెం కొంచెం పోతుంది. చోటిచ్చేది లేక, హీటింగ్ వేయగానే ముల్లు 1 నుంచి 3 బార్‌కు ఎగబాకుతుంది. 3 దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని, ఇంటి బయటి గోడకు ఉన్న రాగి పైపులోంచి నీళ్ళు కక్కేస్తుంది. రాత్రి సిస్టమ్ చల్లారాక చూస్తే ముల్లు సున్నా. పొద్దున మనం నీళ్ళు నింపుతాం, సాయంత్రం అది కక్కుతుంది. ఇంట్లో ఎక్కడా తడి కనబడదు. ఈ చక్రం నెలల తరబడి సాగితే సిస్టమ్ నీళ్ళు పదేపదే మారిపోయినట్టే. కాబట్టి వేడెక్కినప్పుడు ముల్లు బాగా పెరిగి, చల్లారాక బాగా పడిపోతుంటే లీకు కోసం గోడలు తవ్వించకండి, ముందు ఈ డబ్బాను చూడమని ఇంజనీరుకు చెప్పండి. చాలాసార్లు గాలి కొట్టిస్తే సరిపోతుంది. గాలి పట్టే వాల్వ్ పిన్ను నొక్కితే నీళ్ళు వచ్చాయంటే లోపలి పొర చిరిగినట్టు, డబ్బానే మార్చాలి. కాంబి బాయిలర్లలో ఇది చాలావరకు బాయిలర్ పెట్టె లోపలే ఉంటుంది, కాబట్టి మనం చెయ్యి పెట్టకూడదు.

చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా నెమ్మదిగా పడిపోతూ ఉంటే అది లీకు. మా ఇంట్లో జరిగింది ఇదే. వెతకాల్సింది హీటింగ్ ఆపి ఉన్నప్పుడు. వేడిగా ఉన్నప్పుడు చుక్క బయటికి రాగానే ఆవిరైపోతుంది, పచ్చటి చిలుమో తెల్లటి పొక్కో మాత్రం మిగులుతుంది. ప్రతి వాల్వ్ మెడ చుట్టూ, నట్టు చుట్టూ టిష్యూ కాగితం చుట్టి, ఒక రాత్రి వదిలేసి పొద్దున చూశాం. మెట్ల కింద, చెప్పుల స్టాండ్ వెనక ఉన్న చిన్న రేడియేటర్ దగ్గర టిష్యూ రూపాయి బిళ్ళంత తడిసింది. స్పానర్‌తో నట్టు కొద్దిగా, చుట్టులో ఎనిమిదో వంతు బిగిస్తే ఆగిపోయింది. మూడేళ్ళ మడ్డికి కారణం ఆ ఒక్క చుక్క.

ఎక్కడా తడి దొరకకపోతే ఇంకో దారి ఉంది. రాత్రి బాయిలర్ ఆపి, చల్లారాక, దాని కింద రేడియేటర్లకు వెళ్ళే పైపు, తిరిగొచ్చే పైపు వాల్వులు రెండూ కట్టేయాలి. పొద్దునకు ముల్లు పడిపోతే లోపం బాయిలర్‌లో. అలాగే నిలబడితే పైపుల్లోనో రేడియేటర్లలోనో ఉంది. వాల్వులు మళ్ళీ తెరిచాకే బాయిలర్ వేయాలి. ఇక నీళ్ళేమీ నింపకుండానే ముల్లు దానంతటదే పెరుగుతోందంటే, నీళ్ళు నింపే ఆ జడలాంటి వెండిరంగు గొట్టం కొళాయి సరిగ్గా మూసుకోవడం లేదన్న అనుమానం ముందు రావాలి.

పాత ఇళ్ళలో కొన్నింటికి ముల్లే ఉండదు. అటకమీద చిన్న ట్యాంకు, అందులో బంతి కొళాయి ఉంటాయి. అక్కడ లీకైనంత నీరు ట్యాంకు చప్పుడు లేకుండా నింపేస్తుంది, ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు. అలాంటి ఇల్లు కొనేవాళ్ళు ఒకసారి అటకెక్కి ఆ ట్యాంకులో నీళ్ళ రంగు చూడడం మంచిది.

దూరపు గదులు వేడెక్కని సమస్యను కాలువ కింద సేద్యం చేసినవాళ్ళు ఇట్టే అర్థం చేసుకుంటారు. కాలువ మొదట్లో తూములు బార్లా తెరుచుకుంటే పైపొలాలు మునుగుతాయి, చివరి ఆయకట్టు ఎండుతుంది. పైనుంచి ఎన్ని నీళ్ళు వదిలినా చివరి వాడికి అందవు. రేడియేటర్లూ అంతే. బాయిలర్‌కు దగ్గరగా ఉన్నదాని గుండా నీళ్ళు సులువుగా తిరిగి వచ్చేస్తాయి. పంపు స్పీడు పెంచితే దగ్గరదే ఇంకా తాగేస్తుంది. చేయాల్సింది పైతూములు కాస్త దించడం. ప్రతి రేడియేటర్‌కు రెండు చివరలా రెండు వాల్వులుంటాయి. అంకెలున్నది మనం రోజూ తిప్పేది. రెండోదానికి ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, దాన్ని లాక్‌షీల్డ్ అంటారు. తూము షట్టర్ పని చేసేది అదే.

టోపీ తీసి, కుడివైపుకు పూర్తిగా కట్టేస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోవాలి. వెనక్కి వెళ్ళాల్సి వస్తే ఆ లెక్కే ఆధారం. అన్నిటికీ అంకెల వాల్వులు పూర్తిగా తెరిచి, దగ్గరి రేడియేటర్ లాక్‌షీల్డ్ పావు చుట్టో అర చుట్టో మాత్రమే తెరిచి, దూరం పోయేకొద్దీ ఎక్కువ తెరుస్తూ పోవాలి. ప్రతిదానికీ లోపలికి వెళ్ళే పైపుకూ బయటికి వచ్చే పైపుకూ మధ్య 15 నుంచి 20 డిగ్రీల తేడా వచ్చేలా సర్దితే చాలు. ఒకటి మారిస్తే మిగతావీ కదులుతాయి కాబట్టి తొందరపడకూడదు, ఒక శనివారం పూర్తిగా పడుతుంది. బాయిలర్ మార్చాలని కొటేషన్ తీసుకునే ముందు ఈ పని చేయించుకోమని నేను అందరికీ చెబుతాను. మా చిన్నవాడి గది దీంతోనే వెచ్చబడింది.

అంకెల వాల్వ్ గురించి ఒక అపోహ ఉంది. 5 పెడితే గది త్వరగా వేడెక్కుతుందని. అది నిజం కాదు. ఆ అంకె ఎంత వేడి దగ్గర ఆగాలో చెబుతుంది, ఎంత వేగంగానో కాదు. 3 అంటే సుమారు 20 డిగ్రీలు. దాని తలలోని మైనమో ద్రవమో చుట్టూ ఉన్న గాలి వేడికి ఉబ్బి, కింద ఉన్న పిన్నును నొక్కుతుంది. అందుకే దాని మీద పరదా పడినా, సోఫా ఆనుకున్నా అది గది వెచ్చబడిందనుకుని మూసుకుపోతుంది. వేసవంతా 0 మీద పెట్టి ఉంచితే పిన్ను దిగిపోయి అక్కడే అతుక్కుంటుంది. చలికాలంలో ఒక్క రేడియేటర్ పూర్తిగా చల్లగా ఉందంటే చాలాసార్లు ఇదే. తల విప్పి, పిన్నును చెక్కముక్కతో మెల్లగా నొక్కి వదిలితే పైకి లేస్తుంది. పైకి లాగకూడదు, ఊడి వస్తే ఇల్లంతా నీళ్ళు. ఏప్రిల్లో హీటింగ్ ఆపేటప్పుడు అన్నిటినీ పూర్తిగా తెరిచి వదిలేస్తే ఈ బాధే ఉండదు. గోడ మీద థర్మోస్టాట్ ఉన్న గదిలో మాత్రం ఈ వాల్వును ఎప్పుడూ తగ్గించకూడదు. తగ్గిస్తే ఆ గది ఎప్పటికీ వెచ్చబడదు, థర్మోస్టాట్ బాయిలర్‌ను ఆపనివ్వదు.

నీళ్ళలో తుప్పును ఆపే మందు ఉంటుంది, ఇన్హిబిటర్ అంటారు. రేడియేటర్ విప్పినా, నీళ్ళు తీసినా, ఎక్కువసార్లు నింపినా ఆ మందు పలచబడుతుంది, మళ్ళీ వేయాలి. ఏడాదికోసారి నీళ్ళు పరీక్షించాలనీ, ఐదేళ్ళకోసారి మందు మళ్ళీ వేయాలనీ బ్రిటిష్ ప్రమాణం 2019 నుంచి చెబుతోంది. బాయిలర్‌కు తిరిగొచ్చే పైపు మీద అయస్కాంతం ఉన్న ఫిల్టర్ పెట్టించుకుంటే మడ్డి అక్కడే పట్టుబడుతుంది. సర్వీసుకు వచ్చిన ఇంజనీరును ఆ ఫిల్టర్ మన ముందే విప్పి చూపించమనండి. దానికి పట్టిన నల్లటి పూత మందం చూస్తే లోపల ఏం జరుగుతోందో ఏ రిపోర్టూ అక్కర్లేకుండా తెలుస్తుంది.

గ్యాస్ బిల్లు దగ్గరికి వస్తే చాలామంది చేయి పెట్టని మీట ఒకటుంది. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే. గ్యాస్ మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. దాన్ని బాయిలర్ లోపలే నీరుగా మార్చి, ఆ వేడిని కూడా రాబట్టుకోవడం వీటి ప్రత్యేకత. కానీ రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్ళు సుమారు 55 డిగ్రీల కన్నా చల్లగా ఉంటేనే అది జరుగుతుంది. చాలా ఇళ్ళలో బాయిలర్ 75, 80 దగ్గర పెట్టి ఉంటుంది, ఆ ఆవిరి వృథాగా గొట్టంలోంచి పోతుంది. కాంబి బాయిలర్‌లో రేడియేటర్ గుర్తున్న మీటను 60కి తగ్గించి చూడండి. కొళాయి గుర్తున్నది వేరే, దాన్ని కదపక్కర్లేదు. రేడియేటర్లు ముట్టుకుంటే ఇదివరకంత కాలవు. గది వెచ్చబడడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి హీటింగ్ కాస్త ముందుగా వేయాలి. ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్ళో ఉండి గది చాలడం లేదంటే మళ్ళీ పెంచండి, వాళ్ళ వెచ్చదనం కన్నా బిల్లు ముఖ్యం కాదు. వేడినీళ్ళ సిలిండర్ ఉన్న ఇంట్లో మాత్రం దీన్ని 65 కన్నా తగ్గించకూడదు. సిలిండర్‌లో నీళ్ళు 60 డిగ్రీలకు చేరకపోతే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది.

అలా నీరుగా మారిన ఆవిరి సన్నటి ప్లాస్టిక్ పైపులోంచి బయటికి పోతుంది. 2010 డిసెంబరు చలికి బ్రిటన్‌లో ఎన్నో ఇళ్ళలో ఆ పైపులు గడ్డకట్టి బాయిలర్లు ఆగిపోయాయి. గడ్డకట్టే చలిలో బాయిలర్ గులగులమని ఆగిపోతే బయటి పైపు మీద గోరువెచ్చటి నీళ్ళు పోయండి, మరిగే నీళ్ళు వద్దు.

బాయిలర్ పెట్టె తెరిచి గ్యాస్ జోలికి వెళ్ళే పని మాత్రం గ్యాస్ పని చేయడానికి అనుమతి ఉన్నవాళ్ళ అధికారిక జాబితా, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న ఇంజనీరుదే. వచ్చినవాళ్ళ కార్డు అడిగి చూడడంలో మొహమాటం వద్దు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకు ఇంకో మాట. హీటింగ్ బాగుచేయించాల్సిన బాధ్యత ఇంటి యజమానిదే. ఏటా గ్యాస్ తనిఖీ చేయించి, 28 రోజుల్లో కాగితం మీ చేతికివ్వాల్సింది కూడా ఆయనే. అడగడానికి జంకి, చలిలో బిడ్డను పెట్టుకుని హీటర్ కొనుక్కున్న జంటలను చూశాను, బాధనిపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ రోజే పెట్టించండి. ఆ విషవాయువుకు వాసన ఉండదు. గ్యాస్ వాసన వస్తే కిటికీలు తెరిచి, స్విచ్చులు ముట్టకుండా బయటికి వచ్చి గ్యాస్ అత్యవసర నంబరు 0800 111 999కి ఫోన్ చేయాలి.

సంక్రాంతికి ఇండియా వెళ్ళేవాళ్ళు హీటింగ్ పూర్తిగా ఆపేసి వెళుతుంటారు, నెల రోజుల గ్యాస్ మిగులుతుందని. బాయిలర్‌లో గడ్డకట్టకుండా కాపాడే ఏర్పాటు ఉన్నా అది ముఖ్యంగా బాయిలర్‌ను కాపాడుకోవడానికే. అటక మీద పైపులకు దాని మీద భరోసా పెట్టుకోలేం. జనవరి చలిలో పైపు పగిలితే, మళ్ళీ కరిగినప్పుడు పైకప్పులోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి, చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. థర్మోస్టాట్‌ను 12 దగ్గర పెట్టి, లోపలి తలుపులూ అటక మూతా తెరిచి ఉంచండి, కింది వెచ్చదనం అక్కడికి చేరుతుంది. బయల్దేరే ముందు ముల్లు ఎక్కడుందో ఫోటో తీసుకోండి. తాళాలు తీసుకునే పక్కింటివాళ్ళకు వంటింటి సింకు కింద నీళ్ళు కట్టే కొళాయిని చూపించి, ఒకసారి వాళ్ళ చేతే తిప్పించండి.